గేటు మీద పేరు, గెజెట్టులో పేరు

నయాపూల్ మీద నిలబడి దక్షిణంగా చూస్తే కుడిచేతి వైపు గుమ్మటాలతో హైకోర్టు కనిపిస్తుంది. 1920లో పూర్తయిన భవనం. ఇవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఇటు రోగులు, అటు కక్షిదారులు. తమ సంగతి ఎప్పుడు తేలుతుందా అని రెండు ఒడ్లవారూ మూసీని చూస్తూ కూర్చుంటారు.

1980 మొదలు ముప్ఫయ్యెనిమిదేళ్లు ఒక వకీలుగారి గుమాస్తాగా నేను ఈ వంతెన దాటాను. భూమి తగాదాలు మోశాను, అద్దె తగాదాలు మోశాను, ఉద్యోగాల తగాదాలూ మోశాను. కాని ఏటికేడు నా సంచీలో బరువు పెరుగుతూ వచ్చినవి మాత్రం చదువు తగాదాల కాగితాలు. ఈ గుమాస్తా విద్య ఇంట్లో పనికొస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

మొన్న జూలైలో మా మనవరాలు చేతిలో రెండు కాగితాలు పట్టుకుని వచ్చింది. ఒకటి ప్రభుత్వ కౌన్సెలింగులో వచ్చిన ఇంజనీరింగ్ సీటు. రెండోది ఊరి చివర వెలసిన ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారి ఉత్తరం. దాని మీద బంగారురంగు ముద్ర, అద్దాల మేడ బొమ్మ. మరునాటి సాయంత్రంలోగా బయానా కట్టకపోతే సీటు వేరేవారికి ఇచ్చేస్తామని ఉంది.

"తాతా, ఇది నిజం యూనివర్సిటీయేనా?" అంది.

"మదీనా దగ్గర చాయ్ తాగుదాం, నడువు. ఒక్క ముక్కలో చెప్పేది కాదు" అన్నాను.

హోటల్లో కూర్చున్నాక మొదట నుంచీ చెప్పాను.

మన రాష్ట్రంలో 1972లో జె.ఎన్.టి.యు. పుట్టింది. ప్రభుత్వ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇంజనీరు కావాలని ప్రతి ఇంటా ఒక పిల్లవాడు. చేతిలో కాస్త డబ్బున్నవారు కర్ణాటక రైలెక్కేవారు. ఆ డబ్బూ ఆ పిల్లలూ ఇక్కడే ఉంటే పోదా అన్న ఆలోచనతో ప్రైవేటు కాలేజీలు మొదలైనాయి. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ, 1979లో గండిపేట దగ్గర చైతన్య భారతి, 1980లో విశాఖపట్నంలో గీతం, గుంటూరు జిల్లాలో కోనేరు లక్ష్మయ్య కాలేజీ. ఇవి రాకపోతే ఎందరో రైతుబిడ్డలు ఇంజనీర్లయి ఉండేవారు కారు. మంచిని మంచి అనాలి గదా!

అయితే సీటుకు 'విరాళం' అనే మరో పేరుతో ధర కూడా పలికింది. 1983లో ప్రభుత్వం చట్టం చేసి ఆ విరాళాన్ని నిషేధించింది. 1986లో ఎంసెట్ వచ్చింది. ర్యాంకును బట్టే సీటు. అంతా బాగుందనుకున్నాం.

1992లో అదే చట్టానికి 3-ఎ అనే సెక్షను తగిలించారు. ప్రైవేటు ఇంజనీరింగ్, వైద్య కాలేజీల యాజమాన్యాలు సగం సీట్లను ర్యాంకుతో నిమిత్తం లేకుండా నింపుకోవచ్చునని దాని తాత్పర్యం. ఆ ఏడు హైకోర్టు వరండాలో కాలు పెట్టటానికి చోటులేదు. సెప్టెంబరులో ఫుల్ బెంచి ఆ సెక్షనును కొట్టేసింది. ప్రైవేటు వైద్య కాలేజీల అనుమతుల మీద కోర్టు చేసిన వ్యాఖ్యల తరవాత ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకున్నారు. కాలేజీ సీటు కింద ముఖ్యమంత్రి సీటు కదలటం నేను చూడటం అదే మొదలు.

వ్యవహారం ఢిల్లీ వెళ్లింది. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు మన హైకోర్టు తీర్పును సమర్థించింది. అందులో ప్రధానమైన తీర్పు రాసినది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మా హైకోర్టులో న్యాయమూర్తిగా కూర్చున్నవారే. సగం సీట్లు ఉచితం, సగం సీట్లకు ఫీజు, రెండింటికీ ప్రతిభే కొలబద్ద అని వారు పథకం వేశారు. తొమ్మిదేళ్లు అదే నడిచింది. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తులు కూర్చుని ఆ పథకాన్ని పక్కన పెట్టారు.

"ఇవన్నీ కాలేజీల సంగతులు తాతా. నేనడిగింది యూనివర్సిటీ సంగతి" అంది మా పిల్ల.

"అక్కడికే వస్తున్నా" అన్నాను.

1956 నాటి యు.జి.సి. చట్టంలో 22వ సెక్షను ఒకటుంది. డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికి? పార్లమెంటో శాసనసభో చట్టం ద్వారా పుట్టించిన విశ్వవిద్యాలయానికి, లేదా 3వ సెక్షను కింద కేంద్రం అలా భావించిన సంస్థకు, లేదా పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకు. ఇంకెవరికీ లేదు. రెండో రకాన్నే డీమ్డ్ అంటారు. యాజమాన్యాలకు ఈ దారి నచ్చింది. సిలబసు మార్చాలంటే జె.ఎన్.టి.యు. గుమ్మం తొక్కనక్కరలేదు. పరీక్ష తమదే, పట్టా తమదే. కౌన్సెలింగుతో పనిలేదు. గీతం 2007లో, కె.ఎల్. 2009లో డీమ్డ్ అయినాయి. దేశమంతటా ఇలాంటివి ఎంత వేగంగా పెరిగాయంటే, 44 సంస్థలకు ఆ హోదా తీసేయదలచినట్టు 2010 జనవరిలో కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పవలసి వచ్చింది.

పేరు పెరిగితే తగాదా కూడా పెరుగుతుంది. 2020 అక్టోబరులో విశాఖలో తెల్లవారకముందే రెవిన్యూవారు గీతం ప్రహరీలో కొంత కూల్చారు. సుమారు 40 ఎకరాలు సర్కారు భూమి అని వారి వాదన. ఇది రాజకీయ కక్ష అని అవతలివారి వాదన. అప్పటికి హైకోర్టులు రెండయినాయి గనుక ఆ తగాదా అమరావతికి వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో కె.ఎల్. వైస్ ఛాన్సలరునూ, అక్కడికి తనిఖీకి వచ్చిన నాక్ బృందం సభ్యులనూ సి.బి.ఐ. అరెస్టు చేసింది. మంచి గ్రేడు కోసం లంచం అని ఆరోపణ. నిజానిజాలు తేల్చవలసింది కోర్టే.

ఇక్కడ ఆగి, ఎన్నడూ పిల్లల ముందు ఎత్తని మాట ఒకటి ఎత్తాను. అది మా మేనల్లుడి సంగతి.

వాడు డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరాడు. 2006లో ఒక డీమ్డ్ సంస్థలో ఇంటి దగ్గరే ఉండి బి.టెక్. చదవవచ్చునంటే చేరాడు. రాత్రిళ్లు చదివాడు. పట్టా వచ్చింది, ప్రమోషనూ వచ్చింది. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరైన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ పట్టాలిచ్చిన నాలుగు డీమ్డ్ సంస్థల సంగతి అది. 2001 నుంచి 2005 దాకా చేరినవారు మళ్లీ పరీక్ష రాసి నెగ్గాలి. ఆ తరవాత చేరినవారి పట్టాలు రద్దు. తీర్పు ప్రతి తెచ్చి వాడికి చదివి వినిపించింది నేనే. "మామయ్యా, పరీక్ష రాస్తే నాకూ ఇస్తారేమో చూడు" అన్నాడు. మళ్లీ మొదటి నుంచీ చదివాను. వాడి సంవత్సరానికి ఆ వెసులుబాటు లేదు.

కోర్టును తప్పు పట్టను. చట్టం చట్టమే. కాని గుమాస్తాగా నేను చూసింది ఒకటుంది. చదువు నాలుగేళ్లలో అయిపోతుంది, కేసు అవదు. తీర్పు వచ్చేసరికి సంస్థకు ఇంకో పేరు, ఇంకో మేడ ఉంటాయి. విద్యార్థికి ఉండేది ఆ ఒక్క పట్టాయే.

మా పిల్ల చాయ్ చల్లారిపోయింది.

"ఇప్పుడు ఇలాంటివి జరగవు కదా?" అంది.

మూడో దారి సంగతి చెప్పాను. 2018లో తెలంగాణ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. 2020లో మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, ఎస్.ఆర్., అనురాగ్ అనే అయిదు విశ్వవిద్యాలయాలు దాని కింద వెలిశాయి. నూటికి 25 సీట్లు తెలంగాణ పిల్లలకు ఉంచాలని నియమం. 2022 సెప్టెంబరులో మరికొన్నింటికోసం శాసనసభ బిల్లు ఆమోదించింది. గవర్నరు సంతకం పడలేదు. ఈలోగానే కొన్నిచోట్ల విశ్వవిద్యాలయం పేరుతో పిల్లలను చేర్చుకున్నారు. 2023లో ఆ పిల్లల తల్లిదండ్రులు గేట్ల ముందు ధర్నాకు కూర్చున్నారు. బిడ్డ పుట్టకముందే బారసాల చేస్తే ఏమవుతుంది? బిల్లు వేరు, చట్టం వేరు.

"అందుకని నువ్వు మేడ చూడకు. మూడు ప్రశ్నలు అడుగు. ఏ చట్టం కింద, ఏ తేదీ గెజెట్టులో మీ పేరుంది? నేను చేరే ఈ కోర్సుకు, ఈ క్యాంపస్‌కు, ఈ ఏటికి అనుమతి కాగితం ఏది? మధ్యలో మానేస్తే నా డబ్బూ నా సర్టిఫికెట్లూ ఎన్నాళ్లలో ఇస్తారు?"

అక్కడే ఫోను చేసింది. మొదటి ప్రశ్నకు జవాబు గడగడా వచ్చింది, అది సరైనదే. రెండోదానికి, "మాది అంతర్జాతీయ స్థాయి క్యాంపస్ మేడమ్" అన్నారు. మళ్లీ అడిగింది. ఆ కోర్సు కాగితం రావలసి ఉందన్నారు. మూడోదానికి, "ముందు బయానా కట్టండి, అన్నీ మాట్లాడుకుందాం" అన్నారు.

ఫోను సంచీలో పెట్టుకుంది. ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. పదిహేడేళ్ల పిల్ల, ఆలోచించుకోగలదు.

తిరిగి నయాపూల్ మీదికి వచ్చాం. హైకోర్టుకు కూడా కొత్త ఇల్లు కడుతున్నారు. 2024 మార్చిలో రాజేంద్రనగర్ దగ్గర శంకుస్థాపన జరిగింది. ఎప్పుడో ఒకనాడు ఈ గుమ్మటాల కింద నుంచి ఫైళ్లన్నీ అక్కడికి తరలిపోతాయి. మా పిల్ల వంతెన మధ్యలో ఆగి అటు చూసింది.

"తాతా, ఆ బావ కాగితాలు ఇంకా నీ దగ్గర ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఒకసారి నాకివ్వు. మా క్లాసువాళ్లకు చూపిస్తాను" అంది.

మరునాడు సాయంత్రం బయానా కట్టలేదు. కౌన్సెలింగు సీటులోనే చేరింది. అది గొప్ప కాలేజీ ఏమీ కాదు. గేటు రంగు కూడా వెలిసిపోయింది. కాని అడిగిన మూడు కాగితాలూ ఆఫీసు గుమాస్తా బీరువాలోంచి తీసి ఇచ్చాడు. సాటి గుమాస్తా గనుక, నేను లేచి ఆయనకు నమస్కారం పెట్టాను.