చక్కెర వ్యాధి – మన భోజనం

"షుగరటగదా! ఇంక అన్నం మానెయ్యండి" అని చెప్పడానికి మన దేశంలో డాక్టరు పట్టా అక్కర్లేదు. రైల్లో ఎదురుగా కూర్చున్నాయన కూడా చెబుతాడు. మా పెదనాన్నగారికి జబ్బు బయటపడిన నాటినుండి మా ఇంట్లో జరిగింది ఇదే. రాత్రిపూట రెండు పుల్కాలు, కాకరకాయ కూర పెట్టుకొని ఆయన వరండాలో ఒక్కరే కూర్చునేవారు. లోపల మేమంతా పప్పన్నం తినేవాళ్ళం. నెల తిరిగేసరికి ఆయన దొంగచాటుగా వంటింట్లోకి వెళ్ళడం మొదలుపెట్టారు.

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్లు. అంటే ఇది చదివే మిత్రులలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి వరండా ఒకటి ఉండే ఉంటుంది.

అన్నమైనా, రొట్టె అయినా, ఇడ్లీ అయినా అందులోని పిండిపదార్థం చివరకు గ్లూకోజుగానే మారుతుంది. దాన్ని రక్తంలోంచి కణాలలోకి చేర్చేది ఇన్సులిన్. మధుమేహంలో అది చాలకపోవడమో, ఉన్నది సరిగా పని చేయకపోవడమో జరుగుతుంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్ కనుగొనక మునుపు, రోగిని దాదాపు పస్తు పెట్టడమే వైద్యం. ఆ రోజులు పోయి వందేళ్ళు దాటినా మన ఇళ్ళల్లో ఆ ఆలోచన పోలేదు.

అసలు చిక్కు అన్నంలో లేదు, దాని కొలతలో ఉంది. వంద గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మన కంచంలోనేమో అన్నం కొండంత, కూర గోరంత! దీన్ని తిరగెయ్యాలి. సగం కంచం ఆకుకూరలు, బీర, సొర, బెండ వంటివి. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావులో అన్నం. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నానికి వస్తే చక్కెర అంత వేగంగా పెరగదు. రాగిజావ ఎంత తాగినా ఫరవాలేదనేది వట్టి భ్రమ. మెత్తటి పిండి ఉడికించి తాగితే ఇట్టే అరిగి చక్కెర పెరుగుతుంది. బెల్లం, తేనె కూడా చక్కెరకు చుట్టాలే.

పస్తు ఇంకా ప్రమాదం. ఒక శివరాత్రికి పెదనాన్నగారు మాత్ర వేసుకొని ఉపవాసం ఉన్నారు. సాయంత్రానికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. నీరసమనుకున్నాం. పక్కింటి నర్సమ్మగారు వచ్చి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించారు. పావుగంటలో తేరుకున్నారు. కొన్ని మాత్రలు తిన్నా తినకున్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఇన్సులిన్ సూది వేసుకునేవారికీ ఇదే భయం. చక్కెర 70కి దిగువకు పడితే వెంటనే తీపి ఇవ్వాలి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయరాదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఉపవాసాలుండే వారు ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి.

ఆ మరునాటినుండి పెద్దమ్మ పుల్కాల పీట ఎత్తేసింది. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకే వంట, పెదనాన్నగారికి కప్పుతో కొలిచిన అన్నం. ఆయన మా మధ్యనే కూర్చుంటారు. మామిడిపళ్ళ రోజుల్లో మాత్రం పేచీ తప్పదు. ఆ పూట అన్నం తగ్గించి ఒక ముక్క తినాలని ఒప్పందం. టెంక లెక్కలోకి రాదని ఆయన వాదన.