పని నేర్పడం వేరు, పనికి పంపడం వేరు: ప్రైమరీ బడిలో నైపుణ్యాల చదువు

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతలు ఊపందుకుంటాయి. పెద్దవాళ్లంతా చేలో ఉంటే ఇంట్లో చిన్నపిల్లల్ని చూసేవాళ్లు ఉండరు. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలూ వెంట వెళ్తారు. "బళ్లో కూర్చుని ఏం చేస్తాడు, కాస్త పనైనా వంటబడుతుంది" అనే మాట చాలా ఇళ్లలో వినపడేదే. ఆ మాటను కొట్టిపారేయలేం. బడి చదువుకు, బతుకుదెరువుకు మధ్య దూరం ఉందని ఆ అమ్మీ అబ్బాలకు అనుభవం మీద తెలుసు. కాకపోతే చేలో తొడిమలు తీస్తే నైపుణ్యం వస్తుందా అన్నది ఆలోచించాల్సిన విషయం.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన ఒక విద్యా సదస్సు జరిగింది. చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న ఆయన ఆలోచనకు సిలబస్ తయారుచేసే బాధ్యతను ఒక కమిటీకి ఇచ్చారు. ఆ కమిటీ ఛైర్మన్ డాక్టర్ జాకిర్ హుస్సేన్. 1897లో హైదరాబాద్‌లో పుట్టి, జామియా మిల్లియాను రెండు దశాబ్దాలకు పైగా నడిపి, 1967లో దేశానికి రాష్ట్రపతి అయిన మనిషి. రాష్ట్రపతిగా ఆయన ఫొటో చాలామంది చూసే ఉంటారు, బడి పిల్లల కోసం చేసిన ఈ పని మాత్రం మన ఇళ్లలో పెద్దగా తెలియదు.

నయీ తాలీమ్, అంటే కొత్త చదువు, అని పేరుపడిన ఆ పథకంలో 7 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా అందరికీ ఉచితంగా, మాతృభాషలో చదువు. మధ్యలో ఒక చేతివృత్తి. వడకడం, నేయడం, వడ్రంగం, వ్యవసాయం లాంటివి. చిన్న తరగతుల పిల్లాడు తకిలీతో నూలు వడుకుతాడు. ఎన్ని గజాలు వచ్చిందో కొలుస్తాడు, తూకం వేస్తాడు, అది లెక్కల పాఠం. పత్తి ఏ నేలలో పండుతుందో తెలుసుకుంటాడు, అది భూగోళం. అంటే అక్కడ దారం అసలు సరుకు కాదు, దాని చుట్టూ అల్లుకున్న తెలివే సరుకు.

గాంధీజీకి ఇంకో ఆశ ఉండేది. పిల్లలు తయారుచేసిన వస్తువులు అమ్మితే టీచర్ జీతం గడుస్తుందని. జాకిర్ హుస్సేన్‌కు ఇక్కడే అనుమానం. ఆదాయం మీద దృష్టి పడితే చదువు వెనక్కి పోతుంది, పిల్లాడు కూలీ అయిపోతాడు అన్న ప్రమాదాన్ని కమిటీ రిపోర్టులోనే హెచ్చరించారు. ముస్లిం లీగ్ అప్పట్లో ఈ పథకాన్ని గట్టిగానే వ్యతిరేకించింది, దాని కారణాలు దానివి. కానీ కూలి గురించిన ఆ హెచ్చరిక మాత్రం 90 ఏళ్లు కావస్తున్నా మిరప చేల దగ్గర ఇంకా పాతబడలేదు.

పత్తికీ మనవాళ్లకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. దూది ఏకే పని మీదే దూదేకుల అనే పేరు వచ్చింది. నూర్‌బాషా కుటుంబాల్లో తాతలు పరుపులు, బొంతలు కుట్టి బతికారు. ఏకే బద్ద పట్టుకోవడం పిల్లలకు ఇంట్లోనే వచ్చేది. మిషన్లు వచ్చాక ఆ పని చాలావరకు పోయింది. చేతికి వచ్చిన పని ఒక్కటే నేర్చుకున్నవాడు ఆ పనితోపాటే ఆగిపోతాడు. లెక్క, కొలత, మాట తెలిసినవాడు ఇంకో పనిలోకి మారగలడు. ప్రైమరీ బడి ఇవ్వాల్సింది ఈ రెండో రకం.

ఇక ఇప్పటి సంగతి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తులు చూపించాలని చెప్పింది. ఆలోచన మంచిదే, కానీ అది ఆరో తరగతి నుంచి. ఒకటి నుంచి ఐదు దాకా అసలు గురి వేరే. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ ప్రకారం 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయాలి. ఇది నైపుణ్యం కాదా అంటే, అన్నిటికంటే పెద్ద నైపుణ్యం అదే. మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 2025-26 నుంచి శనివారాన్ని నో బ్యాగ్ డేగా పెట్టారు. ఆ రోజు ఆటపాటలతో సరిపెడతారా, ఇంకేమైనా చేస్తారా అన్నది బడిని బట్టి ఉంటుంది.

ఈ ప్రాంతపు శనివారానికి పాఠాలు వెతుక్కోనక్కర్లేదు. సీసీఐ పత్తి కొనేటప్పుడు తేమ చూస్తుంది. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, అది తేమ 8 శాతం ఉంటే. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 దాటితే అసలు కొనరు. మరి తేమ 12 ఉంటే చేతికి ఎంత? 8,110లో 4 శాతం, అంటే 324 రూపాయల 40 పైసలు పోయి, 7,785 రూపాయల 60 పైసలు. ఐదో తరగతి పిల్లాడు చేయగలిగిన లెక్కే. అదే పిల్లాడు ఇంటికొచ్చి "అబ్బా, ఇంకో రెండు రోజులు ఆరబెడదాం" అంటే ఆ చదువు ఖరీదు ఇంట్లోవాళ్లకు అప్పటికప్పుడే తెలుస్తుంది.

మిరపకాయలు క్వింటాలు 12,000 పలికితే 42 కిలోల టిక్కీకి 5,040. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, అది నెలకు. ఏడాదికి 24 శాతం. 20,000 అప్పుకు ఆరు నెలల్లో 2,400 వడ్డీయే. మనం వడ్డీ తీసుకోం, ఇవ్వం అనుకున్నా సరే, కాగితం మీద ఏం రాశారో పిల్లలకు అర్థం కావాలి. జకాత్ నలభైలో ఒక వంతు, అంటే రెండున్నర శాతం. శాతాలు నేర్పడానికి మదర్సా హజ్రత్ అయినా, బడి టీచర్ అయినా ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ తెస్తారు?

లెక్కలతో అయిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో బడి పిల్లల కోసం పది జీవన నైపుణ్యాలు చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, తన మాట స్పష్టంగా చెప్పడం, ఎదుటివాడి బాధ తెలుసుకోవడం, కోపాన్నీ ఒత్తిడినీ అదుపులో పెట్టుకోవడం వంటివి అందులో ఉన్నాయి. మన ఆడపిల్లల విషయంలో స్పష్టంగా మాట్లాడటం అనేదాని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పాప క్లాసులో నోరు మెదపకపోతే అది తెలివి తక్కువై కాదు. అంగన్‌వాడీలోనో బ్యాంకులోనో ఉత్తుత్తి సంభాషణలు ఆడించడం లాంటి చిన్న పనులతోనే ఆ బెరుకు పోతుంది.

ఉద్యోగాల మాటకొస్తే, పదేళ్ల పిల్లాడిని ఏమవుతావని నిలదీయడం దండగ. ఏమేం పనులు ఉన్నాయో చూపిస్తే చాలు. 334 రకం మిరప కోసే ఇంట్లో ఆ అంకె ఎక్కడిదో చాలామందికి తెలియదు. గుంటూరు పక్కనే లాం ఫారంలో శాస్త్రవేత్తలు తయారుచేసిన రకం అది. యార్డులో కాటా వేసేవాళ్లు, కోల్డ్ స్టోరేజీలో మిషన్లు చూసేవాళ్లు, ఎగుమతికి ముందు కాయల నాణ్యత పరీక్షించే ల్యాబ్ వాళ్లు, జిన్నింగ్ మిల్లు అకౌంటెంట్లు. అన్నీ ఒకే కాయ చుట్టూ, ఒకే దూది చుట్టూ ఉన్న ఉద్యోగాలే. ఒక శనివారం యార్డు చూపించి తీసుకొస్తే, పిల్లలకు వాళ్ల అబ్బా మోసే బస్తా తర్వాత ఎక్కడికి వెళ్తుందో తెలుస్తుంది.

చట్టం కూడా ఈ గీత గీసింది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబ పనిలో బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయొచ్చు, అదీ ప్రమాదం లేని పని అయితేనే. సాయంత్రం పూట అమ్మీ పక్కన కూర్చుని కాయలు ఏరుతూ తాలు ఎంత, మేలు ఎంత అని తూకం వేయడం ఒకటి. బడి మానేసి ఇంకొకరి కల్లంలో రోజంతా ఘాటుకు దగ్గుతూ కూలికి పనిచేయడం ఇంకొకటి.

కోతలకు వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఉంటాయి. అమ్మానాన్నలు వేరే ఊళ్లో ఉన్నా పిల్లలు సొంత ఊరి బడిలోనే కొనసాగొచ్చు. మీ ఊళ్లో ఉందో లేదో హెడ్‌మాస్టర్‌నో మండల విద్యాశాఖాధికారినో అడగాలి, అదీ కోతలు మొదలయ్యాక కాదు, డిసెంబరులోనే. అలాగే పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కులతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు వేయొచ్చు: మా వాడు పేపర్లో ఒక వార్త తనంతట తాను చదివి చెప్పగలడా? శనివారం ఏం చేయిస్తున్నారు?