పాత కంప్యూటరు – క్రొత్త సిస్టము

కంప్యూటరు నెఱుగని విద్యార్థి నేడు అరుదు. ఐనను దానిని నడపు ఆపరేటింగు సిస్టమును గూర్చి విచారించువారు కొలదిమంది మాత్రమే. యంత్రముతో గూడ వచ్చినదానినే వాడుకొనుట లోకాచారము. కాని 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారు సాధారణముగా నొసగు భద్రతా సవరణలు నిలిచిపోయినవి. అందుచే, చక్కగా పనిచేయుచున్న పాత యంత్రము గల కుటుంబములకు "దీనిని పాఱవేయవలెనా? వేఱొక సిస్టముతో నిలుపుకొనవలెనా?" అను ప్రశ్న కలిగినది. క్రొత్త యంత్రము కొనుట యందఱకును సాధ్యము కాదు గదా! కావున ఈ విషయమును కొంత వివరింతును.

ప్రింటరు, కెమెరా, వై-ఫై మొదలగు పరికరములలో ఒక్కొక్కటి తన భాషను మాత్రమే యెఱుగును. సిస్టము వానితో మాటలాడుటకు ఒక దుబాసి కావలెను. ఆ దుబాసియే డ్రైవరు. డ్రైవరు లేనిచో పరికర మెంత మంచిదైనను మూగదియే. సిస్టము నెక్కించుట సులభమా, కష్టమా యనునది ఈ దుబాసీల నెవరు సమకూర్తురను దానిపై చాలవఱకు ఆధారపడియుండును.

ఆపిల్ సంస్థ విషయమున యంత్రమును, సిస్టమును చేయువారు ఒక్కరే. కావున మాక్ఓయస్ వాడువారు యంత్రములోని భాగములకు డ్రైవర్లను వెదకుకొన నక్కఱలేదు. కాని ఆపిల్ యంత్రములందు దప్ప ఇతరములందు దాని నెక్కించుటకు వారి నిబంధనలు సమ్మతింపవు. 2020లో వారు ఇంటెల్ ప్రాసెసర్లను విడిచి స్వంత ప్రాసెసర్లకు మాఱ నారంభించిరి. 2025లో వెలువడిన టాహో అను కూర్పే ఇంటెల్ మాక్‌లకు చివరిది.

విండోస్ మార్గము వేఱు. పరికరములు చేయు కంపెనీలు సాధారణముగా మొదట దీనికే డ్రైవర్లను వ్రాయును. అందుచే అంగడిలో దొరకు పరికరములలో మిక్కిలి హెచ్చు భాగము దీనితో పొసగును. ఎక్కించుటయు కష్టము కాదు. అయితే 2021లో వచ్చిన విండోస్ 11కు 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వస్థలము, టి.పి.యం. 2.0 అను భద్రతా సాధనము కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో ప్రాయికముగా 8వ తరము మొదలు వచ్చినవే అంగీకరింపబడును. బలము చాలియున్నను ఈ నియమముచే వెలుపల నిలిచిన యంత్రములు పెక్కు గలవు.

లినక్స్ 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది. ఇందు డ్రైవర్లలో అధికభాగము సిస్టము యొక్క మూలమగు కెర్నెల్‌లోనే నివసించును. అనగా దుబాసీలు ఇంటిలోనే యుందురు. ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ మున్నగు కూర్పులు ఉచితముగా లభించును. లోపములును గలవు. కొన్ని వై-ఫై పరికరములకు కంపెనీల స్వాధీనములోని ఫర్మ్‌వేర్ కావలెను. 2023లో వచ్చిన డెబియన్ 12 మొదలు అది యెక్కించు ప్రతిలోనే చేర్పబడుటచే ఆ చిక్కు తగ్గినది. కొన్ని ప్రింటర్లును, వ్రేలిముద్ర సాధనములును నేటికిని మొండికేయును. విండోస్ కొఱకే వ్రాయబడిన ప్రోగ్రాములు ఇందు నేరుగా నడువవు.

ఐనను లినక్స్‌లో నొక గొప్ప సదుపాయము కలదు. దానిని పెన్‌డ్రైవు నుండియే నడపి, డిస్కును ముట్టకయే పరీక్షింపవచ్చును. మొదట ఫోటోలను, ముఖ్యపత్రములను వేఱొకచోట భద్రపఱుపుడు. పిమ్మట పెన్‌డ్రైవుతో యంత్రమును తెఱచి వై-ఫై, శబ్దము, కెమెరా, ప్రింటరు, తెలుగు టైపు ఒక్కొక్కటిగా చూడుడు. అన్నియు సరిపోయిన తరువాతనే ఎక్కించుడు. ఎక్కించునపుడు "డిస్కునంతయు తుడుచుట" యను మాట కనబడినచో, దానిలోని సమస్తమును పోవునని తెలిసి మఱి యంగీకరింపుడు.

కావున ఏ సిస్టము శ్రేష్ఠమని యడుగుటకంటె, మన యంత్రమునకును మన పనికిని ఏది తగునని యడుగుట మేలు. ప్రత్యేక పరికరములతోను, విండోస్ ప్రోగ్రాములతోను జీవనము సాగించువారికి విండోసే తగును. మాక్ గలవారికి దాని సిస్టమే సుఖము. విండోస్ 11 అంగీకరింపని పాత యంత్రము గల విద్యార్థికి, చదువుటకును వ్రాయుటకును లినక్స్ మఱికొన్ని సంవత్సరములు తోడ్పడగలదు. తల్లిదండ్రులు క్రొత్తదానికి ధనము వెచ్చింపకముందు, ఒక పెన్‌డ్రైవుతో ఒక సాయంకాలము పరీక్షించి చూచుట వివేకము.