జైలు గోడ, పోస్టరు, మురుగు గొట్టం



మా బడిలో పదో తరగతి పిల్లవాడొకడు ఒకరోజు నన్నాపి, "సార్, వాడు కన్నంలోకి దూరిపోయాక గోడమీద పోస్టరు మళ్లీ ఎవరు అంటించారు?" అని అడిగాడు. ఏ పాఠంలోదిరా ఇది అన్నాను. పాఠం కాదు సార్, సినిమా అన్నాడు. నేను చెప్పేది కన్నడం, తెలుగు. అయినా పిల్లవాడు ప్రశ్న అడిగాక మాస్టారు తప్పించుకోకూడదు. ఆ రాత్రి కూర్చుని ఆ చిత్రాన్ని మరోసారి చూశాను. వాడి ప్రశ్నకు జవాబు దొరికింది. దానితోపాటు, మనం అడగవలసి ఉండీ అడగని మరో ప్రశ్న కూడా దొరికింది. ఈనాటి ప్రసంగం ఆ రెంటి గురించీ.

చిత్రం పేరు 'ది షాషాంక్ రిడెంప్షన్'. 1994లో వచ్చిన అమెరికన్ చిత్రం. స్టీఫెన్ కింగ్ 1982లో ప్రచురించిన ఒక పెద్దకథను ఫ్రాంక్ డారబాంట్ తెరకెక్కించారు. విడుదలైనప్పుడు థియేటర్లలో అంతగా ఆడలేదు. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్క బహుమతీ రాలేదు. తరవాత వీడియో క్యాసెట్ల మూలంగా, టీవీ మూలంగా ప్రపంచమంతటా అభిమానులను సంపాదించుకుంది.

కథ క్లుప్తంగా చెబుతాను. చూడనివారు ముగింపు తెలిసిపోయిందని నొచ్చుకోవద్దు. ఆండీ అనే బ్యాంకు అధికారి తాను చేయని హత్యలకు యావజ్జీవ శిక్ష పడి 1947లో జైలుకు వస్తాడు. రాళ్లు చెక్కుకునే చిన్న సుత్తి ఒకటి రహస్యంగా తెప్పించుకుంటాడు. గోడమీద సినిమా తారల పోస్టర్లు అంటిస్తాడు. మొదట రీటా హేవర్త్, తరవాత మార్లిన్ మన్రో, చివర రాకెల్ వెల్చ్. 1966లో ఒక ఉరుముల రాత్రి ఆ పోస్టరు వెనక కన్నంలోంచి దూరి, మురుగు గొట్టంలో పాకి, బయటపడతాడు.

ముందు పిల్లవాడి ప్రశ్న. మన ఇళ్లలో గోడ క్యాలెండరు చూడండి. దాన్ని పైన మేకుకు తగిలిస్తాం, కింది అంచుకు ఏమీ అంటించం. ఎత్తి వదిలితే మళ్లీ యథాస్థానంలో వాలుతుంది. పోస్టరునూ పై అంచున మాత్రమే అంటిస్తే చాలు. కింది అంచు ఎత్తి లోపలికి దూరవచ్చు, ఆ తరవాత కాగితం దానంతటదే కిందికి జారుతుంది. ఎవరూ వచ్చి అంటించనక్కరలేదు.

అంతకన్నా గట్టి ప్రశ్న ఒకటుంది. ఇన్నేళ్లలో ఒక్క కావలివాడైనా ఆ పోస్టరు ఎత్తి చూడలేదా? మూలకథలో ఆండీ గదిలో కొంతకాలం మరో ఖైదీ ఉంటాడు. ఆ గదిలో చలిగాలి కొడుతుందని అతను ఫిర్యాదు చేస్తాడు. సినిమాలో ఈ ముచ్చట లేదు. అయితే సినిమా దగ్గర వేరే సమాధానం ఉంది. కావలివాళ్ల ఆదాయపు పన్ను లెక్కలు రాసేది ఆండీయే. జైలు అధికారి దొంగసొమ్ముకు లెక్కలు కుదిర్చేదీ అతనే. అలాంటివాడి గదిని ఎవరు కెలుకుతారు? పోస్టరును కాపాడింది జిగురు కాదు, అధికారుల అవసరం. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా వాస్తవమైన సంగతి ఇదే.

ఇక గోడ. చిన్న సుత్తితో కాంక్రీటు తొలవడం సాధ్యమా? కథ చెప్పే రెడ్ అనే ఖైదీ మొదట ఆ సుత్తిని చూసి, దీనితో సొరంగం తవ్వాలంటే ఆరువందల ఏళ్లు పడుతుందనుకుంటాడు. మనం లెక్క వేద్దాం. కన్నం అడుగున్నర వెడల్పు, ఐదడుగుల పొడవు అనుకుందాం. దాదాపు తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుగు కాంక్రీటు 68 కిలోలు తూగుతుంది, కాబట్టి మొత్తం సుమారు 600 కిలోలు. ఇది పదిహేనేళ్ల పని అనుకుంటే రోజుకు 110 గ్రాములు. అంటే గుప్పెడు కూడా కాదు. ఆండీ ఆ పొడిని ప్యాంటులోంచి జార్చి జైలు మైదానంలో కలిపేశాడని సినిమా చూపిస్తుంది. లెక్క సరిపోయింది. పైగా గోడమీద పేరు చెక్కుతుంటే పెద్ద పెళ్ల ఊడిపడినట్టు చూపించారు గనక, ఆ గోడ పెళుసుదని ముందే చెప్పినట్టయింది.

నిజజీవితంలోనూ దీనికి సాక్ష్యం ఉంది. 1962 జూన్‌లో అమెరికాలోని అల్కట్రాజ్ దీవి జైలు నుంచి ఫ్రాంక్ మోరిస్, ఆంగ్లిన్ సోదరులు ఇద్దరు తప్పించుకున్నారు. గదుల వెనకగోడలో గాలి కోసం పెట్టిన కిటికీ చుట్టూ దగ్గరదగ్గరగా బెజ్జాలు వేసి, గోడముక్కను ఊడదీశారు. పాడైన వ్యాక్యూమ్ క్లీనరు మోటారుతో బెజ్జాలు వేసే పరికరం చేసుకున్నారు. పక్కమీద నిజమైన వెంట్రుకలు అతికించిన బొమ్మతలలు పెట్టి కావలివాళ్లను నమ్మించారు. 50కి పైగా వానకోట్లు సేకరించి తెప్పా, తేలుడు జాకెట్లూ కుట్టుకున్నారు. ఆ తరవాత వాళ్లు బతికారో, సముద్రంలో మునిగారో ఈనాటికీ తేలలేదు. కాబట్టి గోడ విషయంలో సినిమాను తప్పుపట్టలేం.

ఇక మురుగు గొట్టం దగ్గరికి వద్దాం. ఇక్కడ సినిమా జారింది.

మొదటిది లెక్క తప్పు. ఆండీ 500 గజాలు పాకాడనీ, అది అరమైలుకు కాస్త తక్కువనీ రెడ్ చెబుతాడు. అరమైలు అంటే 880 గజాలు. 500 గజాలంటే 457 మీటర్లు, పావుమైలుకు కాస్త ఎక్కువ. మా పిల్లలు ఇలా రాస్తే మార్కులు పోతాయి.

రెండోది, ఆండీ ఉరుము శబ్దంతో కలిసేలా రాయితో కొట్టి గొట్టాన్ని పగలగొడతాడు. ఆ ఉపాయం బాగుంది. కాని పగలగానే మురుగు పైకి చిమ్ముతుంది. చిమ్మాలంటే గొట్టం నిండా మురుగు ఒత్తిడితో ఉండాలి. నిండి ఉంటే మనిషి అందులో పాకుతూ ఊపిరి తీసుకోలేడు. మామూలుగా మురుగు గొట్టాన్ని వాలులో వేస్తారు, పైభాగం ఖాళీగా ఉంటుంది. అప్పుడు మురుగు చిమ్మదు. రెండింటిలో ఏదో ఒకటే నిజం కాగలదు.

మూడోది గాలి. దీని గురించి ఆ పిల్లవాడు అడగలేదు. నేనూ మొదటిసారి చూసినప్పుడు అడగలేదు. మూసి ఉన్న మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన. వాసన వస్తోంది కదా, జాగ్రత్తపడవచ్చు అనుకుంటాం. కాని మోతాదు పెరిగితే అది ముందుగా వాసన పసిగట్టే శక్తినే చంపుతుంది. వాసన పోయింది, ఇక ఫరవాలేదు అనుకున్న మనిషి కుప్పకూలుతాడు. దానికి తోడు ప్రాణవాయువు కొరత. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతం. అది పది శాతం దాకా పడిపోతే స్పృహ నిలవదు. సినిమాలో ఆండీ వాంతి చేసుకుంటాడు, అంతే. అతను పాకిన ఆ బురద చాకొలెట్ పాకం, రంపపు పొట్టు, నీళ్లు కలిపి చేసినది.

శ్రోతలారా, మన ఊళ్లలో గొట్టంలోకి దిగే మనిషికి చాకొలెట్ పాకం ఉండదు. మా కర్ణాటకలో దీన్ని యూజీడీ అంటారు. మ్యాన్‌హోల్ మూత తీసి, నడుముకు తాడు కట్టి మనిషిని దింపిన దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు, తన ఇంటివాళ్లే పాకీపని చేసిన అనుభవంలోంచి, ఈ దుర్మార్గాన్ని అంతం చేయడానికి జీవితమంతా పోరాడుతున్నారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం లభించింది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షల రూపాయలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. అయినా చావులు ఆగలేదు.

మర్నాడు ఆ పిల్లవాడికి క్యాలెండరు చూపించి పోస్టరు సంగతి చెప్పాను. సంతోషించాడు. తరవాత గాలి సంగతి చెప్పాను. "అయితే ఆండీ చచ్చిపోయి ఉండేవాడా సార్?" అన్నాడు. కొసలు తెరిచి ఉండి, గాలి ఆడుతుంటే బతకవచ్చు, లేకపోతే కష్టమే అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా.

సినిమా చూసి ఆనందించండి, తప్పేమీ లేదు. ఇరవై ఏళ్ల ఓపిక ఎలాంటిదో అది చక్కగా చూపిస్తుంది. అయితే మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు కూలికి మనిషిని వెతక్కండి, పీల్చే యంత్రాన్ని పిలిపించండి. పొరపాటున ఎవరైనా లోపల పడిపోతే వెంటనే మీరూ దూకకండి. కాపాడబోయినవాళ్లు కూడా అక్కడే పడిపోతారు. అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. మూతలన్నీ తెరిచి దూరంగా నిలబడండి. ఈ నాలుగు మాటలూ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.