రైతు కంపెనీ సర్వసభ్య సమావేశం: అజెండాలో ఏం ఉండాలి? సభ్యులు ఏం చూసుకోవాలి?

మీకు రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో వాటా ఉందా? అయితే ఏటా జరిగే సర్వసభ్య సమావేశానికి మీకు నోటీసు రావాలి. 'ఫలానా తేదీన మీటింగ్, సభ్యులంతా హాజరు కాగలరు' అని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటే కుదరదు.

ఈ కంపెనీలకు కంపెనీల చట్టం 2013లోని 21ఏ అధ్యాయం వర్తిస్తుంది. (సహకార చట్టాల కింద నమోదైన సంఘాలకు నిబంధనలు వేరు.) దాని ప్రకారం సమావేశానికి కనీసం 14 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దాంతోపాటు అజెండా, గత సమావేశం మినిట్స్, ఆడిట్ అయిన లెక్కలు, బోర్డు నివేదిక, ఆడిటర్ నియామకంపై ముసాయిదా తీర్మానం జతచేయాలి. డైరెక్టర్ ఎన్నిక ఉంటే అభ్యర్థుల పేర్లు, అర్హతలు కూడా తెలపాలి.

ఇన్ని కాగితాలు ముందే ఎందుకు? లాభనష్టాల పట్టికను హాల్లో కూర్చున్నాక చేతికిస్తే పది నిమిషాల్లో ఎవరికి అర్థమవుతుంది?

బోర్డు ఒక్కటే తేల్చలేనివి

కొన్ని విషయాలు సర్వసభ్య సమావేశమే తేల్చాలని చట్టం చెబుతోంది. బడ్జెట్, వార్షిక లెక్కల ఆమోదం వాటిలో మొదటిది. సభ్యులకు బోనస్ ఎంత, వాటా ధనంపై రాబడి ఎంత అన్నవీ ఇందులోకే వస్తాయి. డైరెక్టర్లకు ఇచ్చే అప్పులకు పరిమితులు, షరతులు కూడా సభ్యులే నిర్ణయించాలి. ఈ చివరి అంశం అజెండాలో ఎలా రాశారో రెండుసార్లు చదవండి.

అంశం ఎలా రాయాలి?

చాలా అజెండాల్లో 'బోనస్ గురించి చర్చ' అని ఉంటుంది. దేనికి ఓటేస్తున్నామో సభ్యుడికి తెలియదు. 'ఈ ఏడాది మిగులులో రిజర్వుకు ఇంత, వాటా ధనంపై రాబడికి ఇంత, కంపెనీకి పంట అమ్మిన సభ్యులకు బోనస్‌గా ఇంత. బోర్డు ప్రతిపాదనకు ఆమోదం' అని అంకెలతో రాస్తే ఇంటి దగ్గరే లెక్క వేసుకుని రావచ్చు.

వరుస కూడా ముఖ్యమే. సన్మానాలు, అతిథుల ప్రసంగాలతో పొద్దెక్కాక, జనం బస్సు టైమ్ చూసుకుంటున్నప్పుడు లెక్కలు చదివితే ప్రశ్నలు అడిగేవారు ఉండరు. కోరం తేలగానే డబ్బు విషయాలు తీసుకోవడం మేలు. శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు. నియమావళిలో ఇంకా ఎక్కువ పెట్టుకోకపోతే, మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు హాజరే కోరం. అంటే 600 మంది సభ్యులున్న కంపెనీలో 150 మంది.

'అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు' అనే చివరి వరుసలో కొత్తగా అప్పో, భూమి కొనుగోలో వస్తే, ముందస్తు సమాచారం లేదని అభ్యంతరం చెప్పి, దాన్ని మినిట్స్‌లో రాయమనండి. సభ్యులంతా వ్యక్తులే అయిన కంపెనీలో ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికి ఒక్క ఓటే.

లెక్కలపై సందేహాలుంటే సమావేశానికి రెండు మూడు రోజుల ముందే సీఈఓకు రాసిచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. సమావేశం జరిగిన 60 రోజుల్లోపు ఆ వివరాలు, లెక్కలు, బోర్డు నివేదిక కంపెనీల రిజిస్ట్రార్‌కు చేరాలి.