బిడ్డకు అందని సగం

తల్లి జన్యువుల్లో సగమే కదా బిడ్డకు వచ్చేది, మరి రాని సగానికి బిడ్డతో ఏ సంబంధమూ ఉండదా అని ఒక పాఠకురాలు అడిగారు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుందామనుకున్నాను. మనసొప్పలేదు.

సంబంధం ఉంది. చిట్టెలుకలే సాక్ష్యం. 20 రోజుల గర్భవాసం తర్వాత పుట్టిన కూనకు బొచ్చుండదు, చూపుండదు, ఒంటి వేడి నిలుపుకునే శక్తీ ఉండదు. గూడు దాటి దొర్లిందంటే సన్నగా అరుస్తుంది. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ అరుపు మనకు వినపడదు. తల్లికి వినపడుతుంది. వచ్చి నోట కరుచుకుని గూట్లో వేసుకుంటుంది.

1996లో బోస్టన్‌లో మైకేల్ గ్రీన్‌బర్గ్ బృందం ఫాస్‌బీ అనే జన్యువు లేని ఎలుకలను తయారుచేసింది. వాటికి పుట్టిన కూనలు చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయేవి. లోపం కూనల్లోనే ఉందని ఎవరైనా అనుకుంటారు. కానీ మామూలు తల్లి దగ్గర వేస్తే అవి బతికాయి. జన్యువు లేని తల్లి ముందు నిక్షేపంలాంటి కూనలను పెట్టినా వాసన చూసి పక్కకు పోయేది. అంటే చెడింది తల్లి జన్యువు, ప్రాణం పోయింది బిడ్డది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం. బాల్బ్‌సీ అనే తెల్ల ఎలుక పిరికిది. వెలుతురున్న ఖాళీ పెట్టెలో వదిలితే గోడ వారనే తిరుగుతుంది. బ్లాక్ సిక్స్ అనే నల్ల ఎలుక చొరవగా నడిమధ్యకు వస్తుంది. రెండూ తరతరాలుగా తోబుట్టువులనే జతకట్టించి నిలబెట్టిన వంశాలు కాబట్టి, తేడా అంతా పుట్టుకలోనే ఉందనుకున్నారు. పుట్టిన కూనలను తల్లులు మార్చి పెంచినా తేడా పోకపోతే, చూశారా, అంతా జన్యువే అనేవారు. అది సగం ప్రయోగమే. కడుపులో గడిచిన రోజుల్ని ఎవరూ లెక్కేయలేదు.

2003లో ఎమరీ విశ్వవిద్యాలయంలో డార్లీన్ ఫ్రాన్సిస్, థామస్ ఇన్సెల్ బృందం ఆ మిగతా సగమూ చేసింది. గర్భం కట్టిన కొద్ది గంటలకే నల్ల పిండాలను తీసి కొన్నిటిని తెల్ల తల్లుల్లో, కొన్నిటిని నల్ల తల్లుల్లో పెట్టారు. పుట్టాక పెంపుడు తల్లులనూ అలాగే మార్చారు. ఒకటే డీఎన్‌ఏ, నాలుగు రకాల బాల్యాలు. కడుపు ఒక్కటే తెల్లదైతే ఏమీ మారలేదు. పెంపకం ఒక్కటే తెల్లదైనా మారలేదు. రెండూ తెల్లవైతేనే మారింది: పెద్దయ్యాక ఒంటి మీద బొచ్చు నల్లగానే ఉంది, నడత మాత్రం తెల్లెలుకది!

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అంటాం. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అనీ అంటాం. ఈ రెండు సామెతలూ తగువులాడుకుంటున్నాయని నాకు ఈ ప్రయోగం చదివాకే తట్టింది.

జన్యువు తీసేసిన తల్లికి, జన్యువు లేని కూనలనే పుట్టించి, వాటి ప్రవర్తనను మామూలు ఎలుకలతో పోల్చినవాళ్లకూ ఇదే చిక్కు. తేడా కూనదా, తల్లిదా? ఒకే తల్లికి ఒకే కాన్పులో పుట్టిన కూనల్లో జన్యువున్నవాటిని, లేనివాటిని పోల్చితే సరిపోయేది.

ఇంకో తమాషా ఉంది. 1999లో కేంబ్రిడ్జ్ వాళ్లు పెగ్3 అనే జన్యువు మీద చెప్పింది ఇది: తల్లి ఎలుక కూనలను సరిగ్గా సాకాలంటే ఆ జన్యువు కావాలి, కానీ పనిచేసేది ఆ తల్లికి తన తండ్రి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే. ఆ లెక్కన కూన గూటికి చేరడంలో అమ్మమ్మ మొగుడికీ వాటా ఉన్నట్టే.

మనుషుల మాటా చెప్పాలి కాబట్టి చెబుతాను. 2018లో ఐస్‌లాండ్ పరిశోధకులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రాని జన్యువులను లెక్కగట్టారు. పిల్లల చదువు విషయంలో వాటి ప్రభావం, వచ్చినవాటి ప్రభావంలో సుమారు 30 శాతం ఉంది. మీ బిడ్డ ఉమ్మి పంపితే అందులోని డీఎన్‌ఏ చూసి తెలివితేటలు చెప్పేస్తామనే ప్రకటనలు ఈమధ్య చూస్తున్నాను. వాళ్లు అమ్మ ఉమ్మి అడగరు, నాన్న ఉమ్మి అడగరు. ఆ డబ్బు దాచుకోండి.