తొలి ఆటకే సర్వం ఒడ్డడమా?

పేకముక్కలు ఎరగని ఇల్లు మన వైపు అరుదు. పెళ్ళివారి విడిదిలో అయితేనేమి, సంక్రాంతి సెలవుల్లో అయితేనేమి, నలుగురు చేరితే దుప్పటి పరచడం, పేక కలపడం మామూలే. డబ్బు పెట్టి ఆడేవారి సంగతి వేరు, చింతపిక్కలు పెట్టుకుని ఆడేవారి సంగతి వేరు. నేను రెండో తెగకు చెందినవాణ్ణి. అయినా పిక్కలతో ఆడేవాడికీ రూపాయలతో ఆడేవాడికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ ముక్కలతో దిగడమా, పడేయడమా?

రమ్మీ ఆడేవారికి ఈ గుంజాటన కొత్త కాదు. నూటొక్క పాయింట్ల ఆటలో ముక్కలు అందుకోగానే పడేస్తే 20 పాయింట్లతో పోతుంది. ఒక ముక్క తీసుకుని చూసి, ఆ తర్వాత పడేస్తే 40. చివరిదాకా పట్టుకుని కూర్చుని ఓడితే 80 దాకా నెత్తిన పడవచ్చు. మొదటి ఆటలోనే ఆ 80 తెచ్చుకున్నవాడు తర్వాత ఒక్కసారి పడేయగలడు, అంతే. రెండోసారి పడేసే భాగ్యం కూడా వుండదు. అందుకే మన పెద్దవాళ్ళు జోకరు లేని, వరస లేని ముక్కలు రాగానే చడీచప్పుడు లేకుండా కింద పెట్టేసి తాంబూలం వేసుకునేవారు.

ఇదే ప్రశ్న అన్నిటికంటె నిక్కచ్చిగా ఎదురయ్యే ఆట పోకర్. మనలో చాలామందికి దాని పేరే గాని తీరు తెలియదు. టూకీగా చెబుతాను. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు, ఆపైన ఒకటి, మళ్ళీ ఒకటి. ఈ ఏడింటిలో మేలైన అయిదు ఎవరివైతే ఆట వారిది. నడుమ నడుమ పందేలు. ఎవరైనా ఎప్పుడైనా తన ముందున్న బిళ్ళలన్నీ ఒక్కసారిగా ముందుకు తోసేయవచ్చు. అప్పుడు ఎదుటివాడు అంతకు అంతా పెట్టాలి, లేదా ముక్కలు పడేయాలి.

టోర్నమెంటులో ఇంకొక మెలిక వుంది. ప్రవేశ రుసుము కట్టినవారందరికీ సమానంగా బిళ్ళలు ఇస్తారు. అవి డబ్బు కావు, నడుమలో లేచి మార్చుకుని పోవడానికి వీల్లేదు. బిళ్ళలన్నీ పోయినవాడు లేచి వెళ్ళాల్సిందే. చివరిదాకా మిగిలిన కొద్దిమందికే బహుమతులు.

మా మేనల్లుడు ఒకడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు స్నేహితులతో గోవా వెళ్ళి అలాంటి టోర్నమెంటులో కూర్చున్నాడట. పండక్కి చంద్రగిరి వచ్చినప్పుడు నన్ను కోట చూసొద్దామని పిలుచుకుపోయి, రాజమహలు ఎదుట పచ్చికలో కూలబడి అసలు సంగతి బయటపెట్టాడు.

“మామా, తొలి ఆటే. నాకు రాణులు రెండొచ్చినాయి. ఎదుటోడు పదివేల బిళ్ళలూ ఒకేసారి తోసేసినాడు. నేను పడేస్తి. వాడు ముక్కలు చూపించకనే కలిపేసినాడు. అప్పట్నుంచి నిద్ర పట్టలేదు. నేను చేసింది సరేనా, కాదా?”

“వాడి దగ్గరేమున్నాయో తెలిస్తే నీకు నిద్ర పట్టేదా?” అన్నాను.

“పట్టేది మామా.”

“అదేరా తప్పు. ముక్కలు తెరిచినాక లెక్క చెప్పడానికి మీ అమ్మమ్మ కూడా చాలు. తెరవక ముందు నీకు తెలిసిందేమిటో, దానితోనే నిర్ణయాన్ని తూచాల.”

ఇద్దరం పచ్చికలోనే లెక్క వేశాం. పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

ఆ సమయానికి బల్ల మధ్య వున్నది కేవలం 150 బిళ్ళలు, ఇద్దరు ఆటగాళ్ళు విధిగా ముందు పెట్టాల్సినవి. 150 కోసం పదివేలు పెట్టేవాడు మామూలు మనిషి కాడు. పెద్ద ముక్కలైనా వుండాలి, తిక్కైనా వుండాలి. పెద్ద ముక్కలే అనుకుందాం: ఆసుల జత, రాజుల జత, లేదా ఒక ఆసూ ఒక రాజూ. ఆసుల జత 6 విధాలుగా రావచ్చు, రాజుల జత 6 విధాలుగా, ఆసూరాజూ కలిసి 16 విధాలుగా. మొత్తం 28. ఆసుల మీద గాని రాజుల మీద గాని రాణుల జత నూటికి పద్దెనిమిది, పంతొమ్మిది సార్లకు మించి గెలవదు. ఆసూరాజూ మీద నూటికి యాభై ఆరు, యాభై ఏడు సార్లు గెలుస్తుంది. అన్నీ కలిపి చూస్తే మావాడికి గెలుపు నూటికి 40. అంటే పడేయడమే న్యాయం.

ఆ వ్యక్తి జాకీల జతతోనూ, పదుల జతతోనూ కూడా తోసేసే రకమైతే లెక్క మారిపోయి నూటికి 52 దాకా వస్తుంది. ముక్కలు చూడకుండా తోసే తిక్కవాడైతే నూటికి 80! చూశారా, చేతిలో రాణులు రెండూ అవే. ఎదుట కూర్చున్న మనిషిని బట్టి వాటి విలువ సగానికీ రెట్టింపుకీ మధ్య ఊగుతున్నది. తొలి ఆటలో ఆ మనిషి ఎలాంటివాడో తెలుసుకునే దారి లేదు. తొలి ఆటకు వున్న అసలు లోపం అదే. ఒక గంట ఓర్పుగా కూర్చుంటే ఎవరు తొందరపాటు మనిషో, ఎవరు పిసినారో బల్లే చెబుతుంది.

“సరే మామా, నూటికి 52 అని గట్టిగా తెలిసిందనుకో. అప్పుడు దిగొచ్చు గదా?” అని పట్టుకున్నాడు మావాడు. ఇది ఇంకా లోతైన ప్రశ్న. దీనికి జవాబు మామిడిపళ్ళతో చెబుతాను.

నలుగురు సమానమైన ఆటగాళ్ళు, ఒక్కొక్కరి దగ్గర 100 చింతపిక్కలు. బహుమతి 100 మామిడిపళ్ళు: మొదటివాడికి 50, రెండోవాడికి 30, మూడోవాడికి 20, నాలుగోవాడికి చేతులు దులుపుకోవడం. ఆట మొదలుకాక ముందు ఒక్కొక్కరి వాటా సగటున 25 పళ్ళు. ఇప్పుడు మీరు సర్వం ఒడ్డి ఒకణ్ణి పడగొట్టారు. మీ పిక్కలు 200 అయినాయి. వాటా 50 పళ్ళు కావాలి గదా? కాదు. పిక్కల నిష్పత్తిని బట్టి మీకు మొదటి స్థానం రావడానికి సగం అవకాశం, రెండోది రావడానికి మూడో వంతు, మూడోది రావడానికి ఆరో వంతు. కలిపితే 38 పళ్ళ చిల్లర. అంటే 25 పోగొట్టుకునే ప్రమాదానికి సిద్ధపడి గెలిచింది 13 మాత్రమే! తక్కినవి ఎక్కడికి పోయాయి? ఊరికే కూర్చుని చూస్తున్న ఆ ఇద్దరికీ చెరో ఆరింటి దాకా దక్కాయి. మీరిద్దరూ కొట్టుకుంటే లాభం గట్టు మీద కూర్చున్నవారికన్న మాట. ఇలాంటి చోట నూటికి 65 సార్లకు పైగా గెలిచే ముక్కలు వుంటేనే దిగాలి. 52కీ 57కీ దిగడం దానధర్మం.

ఇంతమాత్రాన తొలి ఆటలో ఎప్పుడూ పడేయాలనేది సూత్రమని అనుకోకండి. వెయ్యిమంది ఆడే టోర్నమెంటులో మొదటి ఆటలో బహుమతులు ఇంకా యోజనాల దూరం వుంటాయి. అక్కడ బిళ్ళలు రెట్టింపైతే వాటా కూడా దాదాపు రెట్టింపవుతుంది. నా మామిడిపళ్ళ లెక్క బహుమతులు దగ్గరపడే కొద్దీ బిగుస్తుంది, దూరంగా వున్నప్పుడు వదులవుతుంది. మరి పెద్ద టోర్నమెంటులో తొలి ఆటను వదులుకోవడానికి కారణమేమిటి? ముందుముందు ఇంతకంటె మంచి అదను నాకు దొరుకుతుందన్న నమ్మకం ఒక్కటే. తక్కినవారికంటె బాగా ఆడేవాడికి ఆ నమ్మకం సబబు. వాళ్ళకంటె తక్కువవాడికి ఆగితే ఒరిగేదేమీ లేదు, బొమ్మాబొరుసూ వాడికే మేలు!

ఆపైన, సన్నని మొగ్గును పదేపదే నమ్ముకోవడంలో ఇంకో చిక్కుంది. నూటికి 57 గెలిచే పందెం మంచిదే. అలాంటి పందెంలో సర్వం ఒడ్డుతూ నాలుగుసార్లు వరసగా బతికి బయటపడే అవకాశమెంతో తెలుసా? నూటికి పది, ఆపైన కాస్త. మిగతా తొంభైమందీ “నాది మంచి ముక్కే, దురదృష్టం” అని చెప్పుకుంటూ ఇంటిదారి పడతారు.

దురదృష్టం లేదని కాదు. అమెరికాలో లాస్ వేగాస్‌లో 1970 నుంచి జరుగుతున్న పోకర్ ప్రపంచ పోటీల్లో ప్రధానమైన టోర్నమెంటుకు ప్రవేశమే పదివేల డాలర్లు. 2017లో ఆ టోర్నమెంటులో వెనెస్సా సెల్బ్‌స్ట్ అనే పేరుమోసిన క్రీడాకారిణి, అంతకుముందే ఆ పోటీల్లో మూడు విజయాలు గడించిన ఆమె, మొదటి దశ ముగియకుండానే సర్వం పోగొట్టుకుని లేచింది. ఆమె చేతిలో ఆసుల జత. బల్ల మీద ఇంకో ఆసు, ఏళ్ళ జత. అంతకంటె మంచి ఆట ఎవరు కోరుకుంటారు? ఎదుట గేల్ బౌమాన్ చేతిలో మిగిలిన ఏళ్ళు రెండూ వున్నాయి! ఆ నిర్ణయాన్ని తప్పుపట్టగల ధీరుణ్ణి నేను చూడలేదు. దీనికి ఎదురుబొదురుగా 1982 నాటి కథ వుంది. జాక్ స్ట్రాస్ అనే ఆయన సర్వం పోయిందని లేవబోతూ, ఒకే ఒక్క బిళ్ళ మిగిలిందని చూసుకున్నాడు. దానితోనే మళ్ళీ కూర్చుని చివరికి ఆ టోర్నమెంటే గెలిచాడు. ఒక్క బిళ్ళకీ ఏమీ లేకపోవడానికీ వున్న తేడా అంతటిది.

మాటల మధ్య నా చూపు రాజమహలు మీదికి పోయింది. ఈ రెండు గుణాలూ ఎరిగిన చోటు చంద్రగిరి. ఇక్కడి ప్రభువు సాళువ నరసింహుడు విజయనగర సింహాసనం కూలబడిపోతూండగా చూశాడు. ముసలి సంగమ వంశం బలహీనపడింది, తీరం వెంట గజపతులు దిగివస్తున్నారు. తొలి అదనుకే ఆయన రాజధాని మీద పడలేదు. ముప్ఫై ఏళ్ళ దాకా తన సీమను పెంచుకుంటూ, బలగాన్ని కూడగట్టుకుంటూ వచ్చాడు. 1485లో ఆయన సేనాని నరస నాయకుడు రాజధాని ప్రవేశించేసరికి ప్రౌఢరాయలు పారిపోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

ఎనభై ఏళ్ళు తిరిగేసరికి అదే సింహాసనం పెత్తనం అళియ రామరాయల చేతిలో వుంది. 1565 జనవరి 23న, పండు వయసులో తానే కదిలి, తమ్ములిద్దరితో, మహాసైన్యంతో ఒకే యుద్ధానికి దిగాడు. ఆ ఒక్క పగటితో ఆయన తలా, ఒక తమ్ముడూ, విజయనగరమూ పోయాయి. అయితే ఆట అక్కడితో ముగియకపోవడానికి కారణం రెండో తమ్ముడు తిరుమలరాయలు. ఓటమి తెలియగానే ధనాగారాన్నీ, పేరుకు రాజైన సదాశివరాయల్నీ వెంటబెట్టుకుని పెనుగొండ చేరాడు. ఆ మిగుల్చుకున్న బిళ్ళలతోనే రాజ్యం మరో ఎనభై ఏళ్ళు నడిచింది. వేంకటపతి రాయల కాలంలో చంద్రగిరి రాజధాని అయింది. 1646లో గోల్కొండ వశమయ్యే దాకా ఈ గోడలు ఆ మిగులుకు సాక్ష్యం.

ఇదంతా విని మావాడు నెమ్మదిగా రెండో మూట విప్పాడు. ఉద్యోగం మానేసి ఆటనే వృత్తిగా పెట్టుకుందామని ఆలోచనట. చేతిలో రెండేళ్ళ జీతంలో మిగిల్చింది వుందట. మా అక్కకు ఈ మాట చూచాయగా తెలిసి అన్నం సయించడం లేదు. రాణుల లెక్క సాకు మాత్రమే, నన్ను కోటకు పిలుచుకొచ్చింది దీనికే.

“వయసులో వుండగానే గదా మామా తెగించాల?” అన్నాడు.

వయసులో తెగించడం మంచిదే. కుర్రవాడు ఓడితే మళ్ళీ కూర్చోవడానికి ఏళ్ళుంటాయి. యాభైలో ఓడినవాడికి వుండవు. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు. కాని ఒకటి అడిగాను. “టోర్నమెంటులో నువ్వు సర్వం అంటున్నావే, అది నిజంగా సర్వం కాదు. రుసుము కట్టిన రోజే ఆ డబ్బు పోయిందని లెక్క. ఓడినా గోవా నుంచి బెంగుళూరుకు తిరిగి వచ్చి సోమవారం పనికి పోయినావు. ఆ సోమవారం వుండబట్టే గదరా, బల్ల దగ్గర భయం లేకుండా కూర్చోగలిగినావు? దాన్ని కూడా బల్ల మీదికి తోసేస్తే ఏ చేతితో ఆడతావు?”

ఇక చట్టం సంగతి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట, మూడు ముక్కలాటలాగా వట్టి అదృష్టం కాదు అని మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటా డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇన్నాళ్ళూ ఆ ఆటల మీదనే బతుకు కట్టుకున్నవారికి బల్లే లాగేసినట్లయింది. నూటికెంత అని ముక్కలను లెక్కవేసినవారు కూడా ఈ ముక్కను లెక్కలోకి తీసుకోలేదు.

మావాడు ఉద్యోగంలోనే వున్నాడు. ఆట మానలేదు, ఏడాదికొకసారి సెలవు పెట్టి గోవా పోతాడు. వెళ్ళేముందు ఎంత తీసుకుపోతున్నాడో మా అక్కకు చెప్పి పోతాడు, అంతకు మించి జేబులో పెట్టుకోడు. రాణులు వస్తే ఏం చేస్తావురా అని మొన్న అడిగాను.

“ఎదుట ఎవరు కూర్చోనుండారో చూసి చెప్తా మామా” అన్నాడు.